బాతు గుడ్డు బతికుందా, పోయిందా? ఒక్క చూపుతో తేల్చేయకండి

మొదటిసారి బాతు గుడ్లు ఇంక్యుబేటర్‌లో, అంటే గుడ్లు పొదిగే యంత్రంలో, పెట్టినప్పుడు ఆరో రోజుకే నాకు ఓపిక అయిపోయింది. టార్చి పట్టి చూస్తే పన్నెండింటిలో రెండు గుడ్లలో ఏమీ కనిపించలేదు, ఏ పక్కకి తిప్పినా అదే మసక పసుపు. ఖాళీ గుడ్లే అని నాకు నేనే తీర్పు చెప్పేసుకుని, పారేసే ముందు ఎందుకైనా మంచిదని ఒకదాన్ని పళ్ళెంలో పగలగొట్టాను. పచ్చసొన మీద ఎర్ర దారాలు అల్లినట్టు నరాలు, వాటి మధ్య శనగగింజంత పిండం, దానికి ఆవగింజంత నల్లటి కన్ను, ఆ కన్నుకు కాస్త కింద ఒక ఎర్ర చుక్క ఆగకుండా కొట్టుకుంటోంది. నేను చూస్తుండగానే నెమ్మదించి ఆగిపోయింది. రెండో గుడ్డును మాట్లాడకుండా తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టేశాను.

చూడటం రాక పొరపాటు పడ్డాననుకున్నాను. తర్వాత తెలిసింది, అసలు అప్పుడు చూడాల్సిన రోజే కాదని. పెంకు ఆకుపచ్చగా, మందంగా ఉంది. టార్చిలో బ్యాటరీ సగం అయిపోయింది. పైగా ఆరో రోజు. ఈ మూడూ కలిస్తే నిక్షేపంగా ఉన్న గుడ్డు కూడా ఖాళీగానే కనిపిస్తుంది.

గుడ్డు బతికుందో లేదో తేల్చడానికి జనం చెప్పే పరీక్షలకు లెక్కే లేదు. వెలుతురు పట్టి చూడమంటారు, నీళ్ళలో వేయమంటారు, తూకం వేయమంటారు, చెవి దగ్గర పెట్టుకుని ఊపమంటారు, ముట్టుకుని వేడి చూడమంటారు, వాసన చూడమంటారు. చిక్కు ఎక్కడొస్తుందంటే ఇవి ఒక్కోటీ ఒక్కో ప్రశ్నకు జవాబిస్తాయి, మనం మాత్రం అన్నిటినీ ఒకే ప్రశ్న అడుగుతాం. లోపల ప్రాణం ఉందని నేరుగా చెప్పేవి నా లెక్కలో మూడే. ఒకటి, రక్తంతో నిండిన నరాలు. రెండు, పిండం తనంతట తాను కదలడం. మూడు, చివరి రోజుల్లో గాలి గదిలోకి, అంటే గుడ్డు మొద్దు కొనలో ఉండే ఖాళీలోకి, పొడుచుకొచ్చే ముక్కు. మిగతావన్నీ చుట్టుపక్కల సాక్ష్యాలే. ఆ మూడిట్లో కూడా ఒకరోజు కనిపించలేదని గుడ్డు పోయినట్టు కాదు. మూడు నాలుగు రోజుల ఎడంతో రెండుసార్లు చూసి, మొదటిసారికీ రెండోసారికీ ఏం మారిందో పోల్చుకుంటేనే మాట గట్టిగా చెప్పగలం.

అందుకే టార్చి కన్నా ముందు క్యాలెండర్ చూడాలి. మామూలు బాతు జాతులకు, అంటే పెకిన్, ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ లాంటి వాటికి పొదుగు కాలం 28 రోజులు. మస్కోవీ బాతుకు సుమారు 35 రోజులు, అది వేరే జాతి పక్షి. కోడికి 21 రోజులు. ఇది అందరికీ తెలిసిందే గానీ, చాలామంది దగ్గరుండే బొమ్మల చార్టు కోడిగుడ్డుది. అందులో ఏడో రోజు కింద ఉన్న బొమ్మ బాతు గుడ్డులో తొమ్మిదో రోజు దాకా కనిపించదు. మస్కోవీ అయితే ఇంకా ఆలస్యం. ఆ చార్టు పక్కన పెట్టుకుని చూస్తే ప్రతి బాతు గుడ్డూ వెనకబడినట్టే అనిపించి టెన్షన్ మొదలవుతుంది. రోజులు లెక్కపెట్టడంలో కూడా ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. గుడ్లు ఇంక్యుబేటర్‌లో పెట్టిన రోజు సున్నా. 24 గంటలు నిండాకే ఒకటో రోజు అయినట్టు. ఒక్క రోజే కదా అనిపిస్తుంది గానీ చివర్లో ఆ ఒక్క రోజుకే మనుషులు కంగారుపడి పెంకు ఒలవడం మొదలుపెడతారు.

నేనైతే ఏడో రోజో ఎనిమిదో రోజో ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి, 25వ రోజు, రోజూ గుడ్లను అటూ ఇటూ తిప్పడం ఆపే ముందు ఒకసారి చూస్తాను. అనుమానం ఉన్నవాటిని మధ్యలో ఇంకోసారి. రోజూ చూడాలని చేతులు లాగుతాయి, నిజమే. చూడటం వల్ల గుడ్డు చచ్చిపోదు గానీ, ప్రతిసారీ చెయ్యి జారే అవకాశం ఒకటి ఉంటుంది కదా.

చూసే పద్ధతి చిన్నదే. గదిలో చీకటి పూర్తిగా ఉండాలి, కర్టెన్ వేస్తే వచ్చే మసక సరిపోదు. వేడెక్కని ఎల్‌ఈడీ టార్చి, వెలుతురు గట్టిగా ఉండేది కావాలి. గుడ్డు మొద్దు కొనను టార్చి మీద ఆనించి, చుట్టూ వెలుతురు బయటికి కారకుండా బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా మూసేయండి. అప్పుడు గుడ్డు మొత్తం లాంతరులా వెలుగుతుంది. మొద్దు కొనలో ఖాళీగా తెల్లగా కనిపించేది గాలి గది, దాని అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. పెన్ను, స్కెచ్ పెన్ను వద్దు, పెంకుకు సన్నటి రంధ్రాలుంటాయి, సిరా లోపలికి ఇంకొచ్చు. తెల్ల పెంకు ఉన్న బాతు గుడ్డు చూడటానికి చాలా సులువు, ఆకుపచ్చా నీలమూ కలిసిన పెంకులే కష్టపెడతాయి, బురద అంటినవైతే మరీను. అలా అని మధ్యలో కడగకండి. పెంకు మీద సహజంగా ఉండే పూత పోతే క్రిములు లోపలికి పోవడానికి దారి ఇచ్చినట్టే. గుడ్లు పదిహేను నిమిషాలు బయట ఉంటే ఏమవుతుందోనని భయపడనక్కర్లేదు, తల్లి బాతు కూడా తిండికీ నీళ్ళకీ గూడు దిగి అరగంట దాకా బయటే ఉంటుంది.

ఏడెనిమిది రోజుల గుడ్డు బాగుంటే సందేహం అక్కర్లేదు. ఒక నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా నాలుగు వైపులా పాకిన ఎర్ర నరాలు. టార్చి కదలకుండా పట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తే ఆ చుక్క మెల్లగా ఊగుతూ ఉంటుంది. దీన్ని ఒకసారి చూసినవాళ్ళు ఇంక మర్చిపోలేరు, తర్వాత ప్రతి గుడ్డునూ దానితోనే పోల్చుకుంటారు.

ఆ రోజుకు పోయిన గుడ్డు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, లోపల ఎర్రటి వలయం, పెన్సిల్‌తో గుండ్రంగా గీసినట్టు స్పష్టంగా. పిండం గుండె ఆగిపోయాక నరాల్లో ఉన్న రక్తం వెనక్కి జారి, నరాల అల్లిక బయటి అంచున ఉండే నాళంలో పోగుపడుతుంది, ఆ అంచే మనకు వలయంలా కనిపిస్తుంది. నిజంగా రక్త వలయమే అయితే ఇంక ఆశ లేదు. కాకపోతే బతికున్న పిండంలో కూడా బయటి అంచు నాళం ఎర్రగా కనిపించొచ్చు, తేడా ఏమిటంటే దాని లోపల కొమ్మలు కొమ్మలుగా నరాలు ఉంటాయి. చనిపోయిన దానిలో వలయం ఒక్కటే మిగులుతుంది, మధ్యలో ఒట్టి పసుపు, మహా అయితే ఒక మూల మాసిన మచ్చ. రెండో రకం, మొత్తం తేటగా, పచ్చసొన నీడ మాత్రమే తిరుగుతూ కనిపించేది. దీన్ని అందరూ "మగబాతు తొక్కని గుడ్డు" అనేస్తారు. అది అయ్యుండొచ్చు, లేదా మొదటి రెండు మూడు రోజుల్లోనే నరాలు ఏర్పడకముందే పిండం పోయిన గుడ్డూ అయ్యుండొచ్చు. బయటి నుంచి ఈ రెంటికీ తేడా తెలియదు. తెలుసుకోవడం వల్ల లాభం మాత్రం ఉంది, ఎందుకంటే మొదటిది మగబాతుకు సంబంధించిన సమస్య, రెండోది గుడ్లు దాచిన తీరుకో మొదటి రోజుల వేడికో సంబంధించినది. పొదగేయకముందు గుడ్లను 13 నుంచి 16 డిగ్రీల మధ్య చల్లని చోట ఒక వారం దాకా దాచొచ్చు, ఆ తర్వాత రోజు గడిచే కొద్దీ పిల్లలు లేచే అవకాశం తగ్గుతూ పోతుంది.

ఏడో రోజున తేటగా కనిపించినదాన్ని అప్పుడే పారేయాలా అంటే, తెల్ల పెంకూ మంచి టార్చీ ఉంటే పారేయొచ్చు. ఆకుపచ్చ పెంకు అయితే దాని మీద పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు వేసి పదో రోజు దాకా ఉంచండి. పదో రోజుకు బతికున్న గుడ్డులో నరాలు సగానికి పైగా పరుచుకుని ఉంటాయి, ఎంత మందమైన పెంకైనా దాచలేదు. అప్పటికీ తేటగానే ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

అసలు గందరగోళం మధ్య వారాల్లో వస్తుంది. పన్నెండు, పదమూడు రోజులు దాటాక లోపల నలుపు పెరుగుతూ పోతుంది, నరాలు కనిపించే చోటు తగ్గుతూ వస్తుంది. ఇరవై రోజులకల్లా గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉంటుంది. మొన్నటిదాకా ముచ్చటగా ఈదుతూ కనిపించిన పిల్ల ఇప్పుడు కనిపించకపోయేసరికి కంగారు. లోపల చోటు నిండిపోయింది, అంతే. ఈ దశలో టార్చిని గాలి గది అంచుకు పక్కగా ఆనించి చూడాలి. గాలి గదికీ నలుపుకీ మధ్య ఉన్న గీత కత్తితో కోసినట్టు స్పష్టంగా ఉండి, ఆ గీత వెంట సన్నటి ఎర్ర నరాలు కనిపిస్తే గుడ్డు బాగుంది.

కదలిక సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కదలకపోవడం చావు కాదు. పిండం కూడా కదలకుండా ఊరుకునే సమయాలుంటాయి, పది నిమిషాలు చూసినా కదలకుండా మర్నాడు చూస్తే కాళ్ళు ఆడించేవి ఎన్నో. అలాగే కదిలిందంతా ప్రాణం కాదు. గుడ్డును తిప్పినప్పుడు లోపలి నల్లటిది కూడా తిరిగి, మీ చెయ్యి ఆగాక కూడా సీసాలో మడ్డిలా జారుతూ ఉంటే అది బతికున్న లక్షణం కాదు, వదులైపోయిన లక్షణం. బతికున్న పిల్ల కదలిక ఉలికిపాటులా ఉంటుంది, ఉన్నట్టుండి ఒక కుదుపు, మళ్ళీ నిశ్శబ్దం. గుడ్డును ఒక నిమిషం ఏమాత్రం కదలకుండా పట్టుకోండి, ఆ తర్వాత వచ్చిన కదలికనే లెక్కలోకి తీసుకోండి.

మధ్యలో పోయిన గుడ్డు వెంటనే చెప్పదు, రెండు మూడు రోజులు తీసుకుంటుంది. ముందు నరాలు పల్చబడతాయి, ఎరుపు పోయి గోధుమ రంగు మరకలు మిగులుతాయి. తర్వాత గాలి గది అంచు చెదిరిపోయి, గుడ్డు వంచితే లోపలి ద్రవం నీళ్ళలా ఆ వంపుకు పారుతుంది. పద్నాలుగో రోజు చూసినప్పుడు ఏదో తేడాగా ఉందనిపించిన గుడ్డును పదిహేడో రోజు చూడండి. పెన్సిల్ గీతలు వేసి ఉంటే పక్క గుడ్డుతో పోల్చుకోవచ్చు. అది ముందుకు నడిచిందా, అక్కడే ఆగిపోయిందా అనేదే ప్రశ్న.

ఒక మినహాయింపు ఉంది. దూరం నుంచి తెప్పించిన గుడ్లలో దారిలో కుదుపులకు గాలి గది ఊడి, నీళ్ళలో బుడగలా అటూ ఇటూ తిరుగుతుంది. అది పిండం చచ్చినందువల్ల కాదు. అలాంటివాటిని మొద్దు కొన పైకి ఉండేలా నిలబెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాకే పొదగేయాలి, కొన్ని సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు.

ఇక చుట్టుపక్కల సాక్ష్యాల సంగతి. తూకాన్ని చాలామంది గొప్ప పరీక్షగా చెబుతారు. పొదుగులో ఉన్న బాతు గుడ్డు 25వ రోజుకు సుమారు 13 శాతం బరువు తగ్గాలి, అంటే 80 గ్రాముల గుడ్డు 70కి దగ్గరగా రావాలి. ఇది నిజమే, ఉపయోగమే. కానీ ఆ తగ్గేది పెంకు రంధ్రాల గుండా ఆవిరయ్యే నీరు. చచ్చిన గుడ్డు నుంచి కూడా నీరు అలాగే పోతుంది, ఖాళీ గుడ్డు నుంచీ పోతుంది. కాబట్టి తూకం మన ఇంక్యుబేటర్‌లో తేమ సరిగా ఉందో లేదో చెబుతుంది, పిల్ల ఉందో లేదో చెప్పదు. తేమ ఎక్కువై బరువు తగ్గకపోతే గాలి గది చిన్నదైపోయి చివర్లో పిల్లకు ఊపిరాడదు, తేమ తక్కువైతే పొరలు ఎండి పిల్లకు అతుక్కుంటాయి, అందుకని తూకం వేయడం మంచిదే. కానీ "బరువు సరిగ్గా తగ్గింది, కాబట్టి బతికే ఉంది" అనేది కుదిరే మాట కాదు.

నీళ్ళలో వేసే పరీక్ష మీద నాకు ఇంకా తక్కువ నమ్మకం. వంటింట్లో గుడ్డు తాజాదో కాదో చూడటానికి నీళ్ళలో వేస్తాం కదా, మునిగితే తాజా, తేలితే పాతది. పొదుగులో మూడు వారాలు ఉన్న గుడ్డుకు గాలి గది పెద్దదై ఉంటుంది, బతికున్నా చచ్చినా తేలుతుంది. ఇక్కడ చూడాల్సింది తేలడం కాదు, గోరువెచ్చని నీళ్ళలో నిశ్చలంగా తేలుతున్న గుడ్డు తనంతట తాను వణకడం. వణికితే సంతోషం, లోపల పిల్ల ఉంది. వణక్కపోతే ఏమీ తెలియదు, పిల్ల కదలని సమయం కావచ్చు. పైగా పెంకుకు కంటికి కనిపించని పగులు ఉన్నా, పిల్ల అప్పటికే పెంకు పొడిచి ఉన్నా నీళ్ళు లోపలికి పోయి బతికున్న పిల్లను మనమే ముంచి చంపినవాళ్ళమవుతాం. ఎవరికైనా తప్పక చేయాలనిపిస్తే 24వ రోజు దాటాక, పెంకు అంతా వెలుతురులో వెతికి, నీళ్ళు 37 డిగ్రీలకు తగ్గకుండా చూసుకుని, ఒక్క నిమిషంలో తీసేయండి. నేనైతే చేయను. ఊపి చూడటం గురించి చెప్పేదేముంది, ఊపకండి.

వేడి చూడటంలో మాత్రం కాస్త పస ఉంది. ఎదిగిన పిల్ల తనంతట తానే వేడి పుట్టిస్తుంది, చివరి వారంలో బతికున్న గుడ్డు చుట్టూ ఉన్న గాలి కన్నా వెచ్చగా ఉంటుంది. ఇంక్యుబేటర్ నుంచి అన్నిటినీ ఒకేసారి తీసి ఐదు నిమిషాలు ఆగి, ఒక్కోటీ మూసిన కనురెప్పకు ఆనించి చూస్తే బతికున్నవి వెచ్చగా ఉంటాయి, పోయినవి వాటికన్నా చల్లగా ఉంటాయి. దూరం నుంచి కొలిచే థర్మామీటర్ ఉంటే ఇంకా తేలిక. కానీ ఇది పక్క గుడ్లతో పోలికే తప్ప ఒక్క గుడ్డు మీద తీర్పు కాదు. పదో రోజు గుడ్డుకైతే అసలు పనికిరాదు, అప్పటికి లోపల పుట్టే వేడి అంతంతే.

కరెంటు పోయింది, ఇంక గుడ్లన్నీ పోయినట్టేనా? ఎక్కువసార్లు కాదు. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో ఉండాల్సింది 37.5 డిగ్రీలు, ఫ్యాన్ లేనిదాంట్లో గుడ్ల పై అంచు దగ్గర 38.5 దాకా. అక్కడి నుంచి చల్లబడితే పిండం వెంటనే చచ్చిపోదు, నెమ్మదిస్తుంది. సుమారు 20 డిగ్రీలకు దిగితే ఎదుగుదల ఆగిపోతుంది. కొన్ని గంటల చలిని చాలా గుడ్లు తట్టుకుంటాయి, కాకపోతే పిల్లలు లేవడం ఒక రోజో రెండు రోజులో ఆలస్యమవుతుంది. మూత తీయకుండా, పైన దుప్పటి కప్పి (గాలి రంధ్రాలు వదిలేసి) వేడి నిలుపుకోవడం ఒక్కటే అప్పుడు చేయగలిగింది. అదే వేడి ఎక్కువైతే పరిస్థితి పూర్తిగా వేరు. 40 దాటి కొన్ని గంటలు ఉందంటే చాలా పిండాలు పోతాయి, మిగిలినవాటిలో కూడా అవకరాలు రావొచ్చు. చలి చేసే నష్టం కన్నా వేడి చేసే నష్టం పెద్దది, కానీ మనుషుల కంగారు ఎప్పుడూ చలి గురించే. ఏది జరిగినా ఆ రోజే టార్చి పట్టి తీర్పు చెప్పకండి. ఆ రోజు నరాలు కనిపించినా అది నిన్నటి రక్తం కావచ్చు. మూడు నాలుగు రోజులు మామూలుగా నడపండి, అప్పుడు చూడండి. పెరిగినవి ఉంటాయి, ఆగినవి ఉంటాయి, తేడా అప్పుడు దానంతట అదే తెలుస్తుంది.

తల్లి బాతు గూట్లో గుడ్లు చల్లగా తగిలితే చేసే పొరపాటు కూడా ఇలాంటిదే. బాతు రోజుకు ఒకటి చొప్పున గుడ్లు పెడుతూ పోతుంది, మొత్తం పెట్టడం అయ్యాకే కూర్చుని పొదుగుతుంది, అప్పుడే పిల్లలన్నీ ఒకేసారి లేస్తాయి. మల్లార్డ్ లాంటి అడవి బాతులకు ఒక్కో గూటికి పది గుడ్లకు అటూ ఇటూ ఉంటాయి. అంటే పది రోజులపాటు ఆ గుడ్లు చల్లగా, తల్లి కనిపించకుండా ఉండటం మామూలే. వదిలేసిన గూడు అనుకుని వాటిని ఎత్తుకొచ్చినవాళ్ళు నిజానికి గూడు కాజేసినట్టే. ఈకలతోనో ఆకులతోనో గుడ్లు కప్పి ఉన్నాయంటే తల్లి తిరిగొస్తుంది. అడవి పక్షి గుడ్లు ముట్టుకోవడం చాలా దేశాల్లో చట్టరీత్యా నేరం కూడా.

చివరి మూడు రోజులు వేరే ఆట. 25వ రోజు తిప్పడం ఆపేసి, తేమను అప్పటిదాకా ఉన్న 55 శాతం నుంచి 65, 75 మధ్యకు పెంచుతాం. ఆ చుట్టుపక్కలే గాలి గది ఒకవైపుకు వాలుతుంది, సమంగా ఉన్న గీత ఏటవాలుగా మారుతుంది. ఇది చూసి గుడ్డు పాడైందనుకునేవాళ్ళున్నారు, నిజానికి ఇంతకన్నా శుభవార్త లేదు. ఒకట్రెండు రోజుల్లో ఆ గదిలో నీడలు ఆడతాయి, తర్వాత ముక్కు నీడ స్పష్టంగా కనిపిస్తుంది. పిల్ల లోపలి పొరను పొడిచి మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీల్చుకుంటోందన్నమాట. అప్పటిదాకా దానికి ఊపిరి అందించింది పెంకు లోపలి గోడకు అంటుకున్న నరాల పొర. ఈ దశలో గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే టిక్ టిక్‌మని చప్పుడు, కిచకిచలు వినిపిస్తాయి, గోటితో మెల్లగా తడితే జవాబు కూడా రావొచ్చు.

ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దమే జనాన్ని చంపుతుంది. పెంకు మీద చిన్న నక్షత్రంలా పగులు కనిపిస్తుంది, ఇంక గంటలో పిల్ల వచ్చేస్తుందనుకుంటాం, రాదు. బాతు పిల్ల ఆ పగులు నుంచి బయటికి రావడానికి 24 నుంచి 48 గంటలు తీసుకోవచ్చు. కోడిపిల్లలను చూసి అలవాటైనవాళ్ళకు ఇది భరించరానంత ఆలస్యం. ఆ విరామంలో పిల్ల ఊరికే లేదు, పొరలోని రక్తాన్ని వెనక్కి లాక్కుంటోంది, మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకుంటోంది. ఇప్పుడు మనం దయతలచి పెంకు ఒలిస్తే నరాలు తెగి రక్తం కారుతుంది, పచ్చసొన బయటే వేలాడుతుంది. బతికున్న గుడ్డును బతికుందో లేదో చూడబోయి చంపడం ఇక్కడ జరిగినంతగా ఇంకెక్కడా జరగదు. పగులు కనిపించి ఒక రోజు దాటినా, లోపల ముక్కు కదులుతూ, ఊపిరికి పొర లేస్తూ పడుతూ ఉంటే చేతులు కట్టుకు కూర్చోండి. నేను ఆరో రోజు మాట్లాడకుండా వెనక్కి పెట్టిన ఆ రెండో గుడ్డు 28వ రోజు రాత్రి పగులు వేసి 30వ రోజు తెల్లవారుజామున గానీ బయటపడలేదు.

ఎదురుచూడకూడని గుడ్డు ఒక్కటే, మురిగినది. ఇంక్యుబేటర్ మూత తీయగానే ముక్కుకు తగిలే వాసన, పెంకు మీద చెమటలా తేనె రంగు చుక్కలు, బూడిద రంగు మచ్చలు, పగులు దగ్గర నురగ. లోపల క్రిములు గ్యాసు పుట్టిస్తుంటాయి, ఆ ఒత్తిడికి గుడ్డు పేలిందంటే పక్కనున్న మంచి గుడ్ల మీదంతా ఆ విషం చిమ్ముతుంది. దాన్ని టార్చి పట్టి పరిశీలించాలని కూడా అనుకోకండి. తడిగుడ్డలో చుట్టి, నొక్కకుండా, ఒక కవర్లో పెట్టి నేరుగా బయటికి తీసుకెళ్ళిపోవడమే. వాసన ఏ గుడ్డుదో తెలియకపోతే ఒక్కోటీ మొద్దు కొన దగ్గర వాసన చూస్తే దొరికిపోతుంది. వాసన లేని చచ్చిన గుడ్డు ఇంకో రెండు రోజులు లోపలున్నా కొంప మునగదు. అందుకే అనుమానం ఉన్నవాటికి గడువు ఇవ్వడంలో నేను ధారాళంగా ఉంటాను, వాసన ఉన్నవాటికి మాత్రం అసలు ఇవ్వను.

30, 31 రోజులైనా చడీచప్పుడూ లేని గుడ్లు మిగులుతాయి. ముందు ఇంక్యుబేటర్‌లో థర్మామీటర్‌ను ఇంకో థర్మామీటర్‌తో సరిచూడండి, అర డిగ్రీ తక్కువ నడిచినా పిల్లలు లేవడం ఆలస్యమవుతుంది. గుడ్లలో మస్కోవీ కలిసిందేమో గుర్తు తెచ్చుకోండి. తర్వాత వెలుతురు, నరాలు, చప్పుడు, వేడి. వీటిలో ఏదీ లేకపోయినా పగలగొట్టి చూడాలనిపిస్తే పళ్ళెం అంచుకేసి కొట్టకండి. మొద్దు కొన మీద, సరిగ్గా గాలి గది నడినెత్తిన, సూదితో గీరి గీరి చిటికెన వేలి గోరంత కన్నం చేయండి. అక్కడ పెంకు కింద ఉండేది గాలే కాబట్టి లోపలున్నది బతికుంటే దానికి ఏమీ కాదు. ఆ కన్నంలోంచి టార్చి వేస్తే లోపలి పొర కనిపిస్తుంది. అది మాసిన గోధుమ రంగులోకి తిరిగి, నరాలు నల్లబడి, ఎంతసేపు చూసినా అలాగే ఉంటే అయిపోయినట్టే, అప్పుడు పూర్తిగా తెరిచి ఏ వయసులో ఆగిందో చూసుకుని రాసిపెట్టుకోండి, వచ్చేసారికి పనికొస్తుంది. పొర తెల్లగా ఉండి, ఎర్ర నరాలు కనిపించి, కింద ఏదైనా ఒక్కసారి కదిలినా ఆ కన్నం మీద టేపు ముక్క సగం అతికించి గుడ్డును మళ్ళీ లోపల పెట్టేయండి.